గరగర లేకుండా

"గరగర ఉంటే నాకొద్దు" అంది మా ఆవిడ.

అప్పటికే ఆమె గొంతులో మిగిలింది గరగర ఒక్కటే. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, మేడ మీద తడుస్తూ యాంటెనా పట్టుకుని నిలబడ్డ మా బావమరిదికీ తెలుసు. అయినా కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మాట విషయంలో మా ఆవిడ ముందు నోరెత్తిన వాళ్లు మా ఇంటా వంటా లేరు.

ఆమె ఒక చిన్న టీవీ చానల్‌లో అనౌన్సరుగా పనిచేసింది. మొహం కనిపించే ఉద్యోగం కాదు. ఒక కార్యక్రమం అయిపోయి ఇంకోటి మొదలయ్యే మధ్యలో, బొమ్మ మీద వినిపించే గొంతు ఆమెది. తర్వాత వచ్చేదేమిటో చెప్పేది, టైమెంతయిందో చెప్పేది, రాత్రి ప్రసారాలు ముగిశాయని చెప్పి ఊరందరికీ సెలవిచ్చేది. మా షాపుకి ఫోటోలు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లు, లోపలినుంచి ఆమె మాట వినపడగానే ఠక్కున తలెత్తి చూసేవాళ్లు. ఎక్కడో విన్నామే అన్నట్టు వాళ్లు మొహాలు పెట్టడం చూసి నేను లోలోపల మురిసిపోయేవాణ్ని. నాది ఫోటోలకు ఫ్రేములు కట్టే పని. ఇంట్లో పేరున్న మనిషి ఆమె.

ఆ వానాకాలం మొదట్లో డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. గొంతులో పెరిగినదాన్ని తీసేయాలి, దానితోపాటు గొంతూ పోతుంది. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక రాదు. వానలు వెనకపట్టేలోపు ఆపరేషన్ చేయించుకోవాలి. అంతకుముందు రెండేళ్లుగా ఆమె గొంతు బొంగురుపోతుంటే జలుబనుకుని కషాయాలు తాగించిన ఘనుణ్ని నేను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నా గొంతు మనింట్లో ఎక్కడైనా ఉందాండీ?" అని అడిగింది.

లేదు. ఎంత వెతికినా లేదు. పెళ్లి వీడియోలో పాటలే తప్ప మాటల్లేవు. ఎవరైనా ఫోను ఎత్తి వీడియో తీయబోతే చేయి అడ్డం పెట్టి, "జీతం ఇవ్వనిచోట మాట్లాడను" అనేది. ఆ మాటకు ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. ఎవరైనా దొంగచాటుగా తీసినా, వెనక ఫ్యాను చప్పుడు వినపడుతోందని తనే తీసేసేది. అంత చాదస్తం.

సరిగ్గా అప్పుడు ఫోన్ చేశాడు టేపుల మాస్టారు. చానల్‌లో పాత టేపులున్న గదిని కనిపెట్టుకుని ఉండే పెద్దమనిషి. నేనే ఎత్తాను.

"చానల్ ఎత్తేస్తున్నారు బాబూ. కొత్త ప్రోగ్రాములు తీసే దిక్కు లేదు. మూసేదాకా పాతవే వేస్తారట. అమ్మాయి ఇక్కడ పనిచేసిన రోజులవి చాలా ఉన్నాయి నా దగ్గర. అనౌన్స్‌మెంట్లు కత్తిరించకుండా ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తాను. పట్టుకోగలిగితే పట్టుకోండి."

"ఆ టేపులే ఒకసారి ఇవ్వకూడదా మాస్టారూ?"

"బయటికి పోనివ్వరయ్యా. ఇచ్చినా నువ్వేం చేస్తావు? వాటిని ఆడించే మిషను ఒక్కటే మిగిలింది. అదీ నేను దణ్ణం పెడితే తప్ప తిరగట్లేదు."

అలా మొదలైంది మా ఇంట్లో ఆ యజ్ఞం. టీవీలో వచ్చేదంతా దానంతటదే రికార్డు చేసి దాచిపెట్టే కంప్యూటరు ఒకటి ఇంట్లో పెట్టుకోవచ్చట. సర్వరంటారట. మా బావమరిదికి టీవీలు బిగించే పని కాబట్టి ఆ భారం వాడి మీద పడింది. కాలేజీ చదువుతున్న మా అమ్మాయి పాత కంప్యూటరు ఒకటి పట్టుకొచ్చి, కొత్త డిస్కులు పెట్టించి, షాపు వెనక గదిలో గాజుపలకల పక్కన నిలబెట్టింది.

ముందు యాంటెనాతో చూశాం. ఆ చానల్‌కి ఊరి చివర పాతకాలపు టవరు ఒకటి ఇంకా పనిచేస్తోంది. గాలిలో వచ్చేదాన్ని పట్టుకోవడమే, ఎవరికీ చందా కట్టక్కర్లేదు. బావమరిది చానల్‌ని పట్టే వేలెడంత ట్యూనరు ఒకటి కంప్యూటరుకి గుచ్చి, వైరు మేడ మీదికి లాగి, యాంటెనాని ఇటూ అటూ తిప్పాడు.

"వస్తోందా అక్కా?" అని పైనుంచి అరిచాడు.

వస్తోంది. కానీ టవరుకీ మాకూ మధ్య ఈమధ్యనే ఒక పెద్ద భవనం లేచింది. బొమ్మ వణుకుతోంది, వెనక పెనం మీద నీళ్లు చిలకరించినట్టు ఒకటే చప్పుడు. ఆ టైముకి స్టేషన్‌లో ఏదో తేడా వచ్చినట్టుంది, నడుస్తున్న కార్యక్రమం ఆగిపోయి పూల బొమ్మ ఒకటి వచ్చింది. దాని మీద ఆమె గొంతు. "ప్రసారంలో అంతరాయానికి చింతిస్తున్నాం..."

రెండేళ్లయింది ఆ గొంతు విని. మా అమ్మాయి గబుక్కున ఏదో నొక్కి, "రికార్డవుతోందమ్మా, టెస్టుకి" అంది.

మా ఆవిడ మాత్రం చెవి రిక్కించి, మొహం చిట్లించి వింది. వంటలో ఉప్పు చూసే మనిషిలా ఉంది.

"'స' చూడండి, ఎలా వినిపిస్తోందో. ఇది నేను కాదు" అంది. తర్వాతే గరగర ఉంటే వద్దన్న మాట.

"అక్కా, గాలిలో వచ్చేదంటే ఇలాగే ఉంటుందే. పైగా దీనితో ఏ తలనొప్పీ ఉండదు. రోజూ తుడిచి పెట్టుకుంటాను కదా యాంటెనాని..." అని బతిమాలాడు బావమరిది.

"యాంటెనా తుడిస్తే 'స' బాగుపడుతుందా?"

వాడు నావైపు చూశాడు. నేను వానవైపు చూశాను.

తర్వాత వారంపాటు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాం. కేబుల్ ఆఫీసుకి వెళితే, అక్కడి మనిషి ఆ చానల్ పేరు విని, "అదింకా ఉందా?" అన్నాడు. వాళ్లు దాన్ని ఎప్పుడో తీసేశారు. మిగిలింది డిష్. రెండు కంపెనీల వాళ్లు ఆ చానల్ ఇస్తున్నారు. ఒకరి దాంట్లో ట్యూనరు ఒక్కటే ఉంటుంది. రికార్డవుతుండగా ఇంట్లో ఎవరైనా వేరే చానల్ పెడితే రికార్డింగు తెగిపోతుంది. రెండో కంపెనీ పెట్టెలో రెండు ట్యూనర్లు, దాన్ని మా సర్వరుకి కలుపుకోవచ్చు. మొదటిది ఆమె చానల్‌కి, రెండోది ఇంట్లో మిగతావాళ్ల సరదాలకి. పెట్టె పక్కన చీలికలో కంపెనీవాళ్ల కార్డు ఒకటి దూర్చాలి. చందా నడుస్తున్నంతకాలం కార్డు పనిచేస్తుంది.

"రికార్డు చేసినవి ఎక్కడుంటాయి?" అని గుచ్చి గుచ్చి అడిగాను షాపతన్ని.

"మీ డిస్కులోనే సార్. మీ ఇంట్లోనే. మా దగ్గరికేం రావు."

ఆ మనిషి అబద్ధం చెప్పలేదు. ఇవాళ్టికీ అవి మా డిస్కులోనే ఉన్నాయి.

మా ఆవిడ షాపులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. అతను ఆ చానల్ పెట్టాడు. ఎవరిదో పాత వంటల కార్యక్రమం నడుస్తోంది, ఆమెది కూడా కాదు. గరిటె గిన్నె అంచుకి తగిలిన చప్పుడు విని ఆమె మొహం విప్పారింది. తుడిచిన అద్దంలా ఉందట శబ్దం. "ఇదే" అంది. ఆ మాట బొంగురుగా, గాలి కలిసి వచ్చింది. షాపతను పాపం, "మంచినీళ్లు కావాలామ్మా?" అని అడిగాడు.

బావమరిది ఒక్కటే గొణిగాడు. "వాన పడితే డిష్ ఆగిపోతుందక్కా." వాడికి తెలిసిన ప్రమాదం అదొక్కటే. నాకు తెలిసింది ఇంకోటి, చందా ఆగితే కార్డు చచ్చిపోతుందని. అందుకని ఏడాదికి సరిపడా ముందే కట్టి గుండెల మీద చేయి వేసుకుని ఇంటికొచ్చాను.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పాలంటే నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది, ఎందుకంటే మేం సంతోషంగా ఉన్నాం. తల మీద కత్తి వేలాడుతున్నా సంతోషంగానే ఉన్నాం. టేపుల మాస్టారు ఫోన్ చేసి ఏ రోజువి ఎక్కిస్తున్నాడో చెప్పేవాడు. అమ్మాయి ఆ టైముకి సర్వరుకి పని చెప్పేది. మొదటి ట్యూనరు జోలికి ఎవరూ వెళ్లకూడదని పెట్టె మీద ఎర్ర టేపు అంటించింది. రికార్డయినవన్నీ ఎందుకైనా మంచిదని ఇంకో డిస్కులోకి కూడా ఎక్కించి, ఆ డిస్కుని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. దాని జాగ్రత్త చూసి నాకు ముచ్చటేసింది.

సాయంత్రం షాపు కట్టేశాక అందరం వెనక గదిలో చేరేవాళ్లం. ఆమె తన గొంతునే పరాయిదానిలా వినేది. కొత్తలో తొందరపడేదట, చూడండి, చూడండి, ఊపిరి ఎక్కడ తీస్తున్నానో. పిల్ల కడుపున పడ్డాక గొంతు కాస్త దిగిందట. "ఇది జ్వరంతో చదివాను" అనేది. మాకు ఏ తేడా తెలిసేది కాదు. తెలిసినట్టు తలూపేవాళ్లం. అమ్మాయి మాత్రం ఒకసారి పట్టేసింది.

"అమ్మా, ఇక్కడ నవ్వు ఆపుకుంటున్నావు కదూ?"

"మీ నాన్న స్టూడియో అద్దం బయట నిలబడి టిఫిన్ డబ్బా ఊపుతున్నారే. మర్చిపోయి వెళ్లానని."

నాకు గుర్తులేదు. ఆ గొంతులో నేనున్నానన్నమాట. ఆ ఒక్క ముక్కా ఎన్నిసార్లు పెట్టించుకుని విన్నానో లెక్కలేదు.

ఒకరోజు మాస్టారు, రాత్రి సెలవు చెప్పే అనౌన్స్‌మెంటు వస్తుందన్నాడు. ఆమెకు అన్నిటికంటే అదే ఇష్టం. సరిగ్గా ఆ సాయంత్రమే ఆకాశానికి చిల్లుపడింది. తెర మీద బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోతోంది, మాట తెగిపోతోంది. నాకు పిచ్చెత్తినట్టయి, ఫ్రేములు చుట్టే ప్లాస్టిక్ పట్టా, ఇంట్లో ఉన్న పెద్ద గొడుగూ పట్టుకుని మేడెక్కాను. డిష్‌కి పట్టా కప్పి, దాని మీద గొడుగు పట్టాను. ఆకాశమంతా నీళ్లయిపోతే గొడుగేం చేస్తుంది? ఆ తెలివి అప్పుడు లేదు.

వెనక ఏదో చప్పుడైంది. మా ఆవిడ. మెట్ల దగ్గర తడుస్తూ నిలబడి నవ్వుతోంది. డిష్‌కి గొడుగు పట్టి నేను నిండా తడుస్తుంటే నన్ను చూసి నవ్వుతోంది. చిరిగిన కాగితంలాంటి నవ్వు, సగం దగ్గు. పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వింది.

"దానికి జలుబు చేస్తుందనా?" అంది, ఊపిరందక.

కింద రెండు ట్యూనర్లు రాని దానికోసం ఎదురుచూస్తున్నాయి. పైన ఆమె నవ్వింది. ఆ నవ్వుని ఎవరూ రికార్డు చేయలేదు. అదే చివరిదని నాకేం తెలుసు. మాస్టారు ఆ టేపుని మర్నాడు మళ్లీ ఎక్కించాడు, ఆయన పుణ్యమా అని అదీ దొరికింది.

ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు ఆమె చేయి పట్టుకుని నడిచాను. తలుపు దాకా రానిచ్చారు. అక్కడ ఆమె దగ్గరికి రమ్మని సైగ చేసింది. చెవి పెట్టాను.

"మొదటి ట్యూనరు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అంది.

ఆమె నోటినుంచి నేను విన్న ఆఖరి మాట అది.

చానల్ కూడా ఆమె ఆసుపత్రిలో ఉండగానే ఆగిపోయింది. చివరిరోజు రికార్డింగు అమ్మాయి దగ్గరుండి చూసుకుంది. "అన్నీ వచ్చేశాయి నాన్నా" అని ఫోన్ చేసింది. ఆమె మంచం పక్కన కూర్చుని ఆ మాట చెబితే కళ్లతోనే నవ్వింది. ఇంటికెళ్లాక విందామని చేత్తో చూపించింది. ఆ ఒక్క ఆశతోనే ఆ మంచం మీద అన్ని రోజులు ఓర్చుకుంది. గొంతు దగ్గర పెట్టిన రంధ్రంలోంచి గాలి పీలుస్తూ, గొట్టంతో తింటూ, నొప్పికి వేళ్లు మెలిపెట్టుకుంటూ, వెనక గది తలుచుకుని ఓర్చుకుంది.

ఇంటికొచ్చిన సాయంత్రం చీర మార్చుకుని, జడ వేసుకుని, మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. బావమరిది కూడా వచ్చాడు. రాత్రి సెలవు చెప్పేది పెట్టమని వేలితో చూపించింది. అమ్మాయి నొక్కింది.

తెర నల్లగానే ఉంది. దాని మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. "ఈ చానల్ మీ ప్యాకేజీలో లేదు. కస్టమర్ కేర్‌ను సంప్రదించండి."

అమ్మాయి ఇంకోటి నొక్కింది. అదే. ఇంకోటి. అదే. టిఫిన్ డబ్బా రోజుది నేనే లాక్కుని నొక్కాను. అదే. బీరువాలోని డిస్కు గుడ్డ విప్పి తెచ్చి పెట్టాం. దాంట్లోనూ అంతే. బావమరిది పెట్టెలోంచి కార్డు తీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ దూర్చాడు.

నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి, చక్కటి గొంతు.

"సార్, మీరు చెప్పిన చానల్ ఇప్పుడు ప్రసారంలో లేదు సార్."

"తెలుసమ్మా. లేదు కాబట్టే రికార్డు చేసుకున్నాం. మా డిస్కులో ఉన్నాయి. అవెందుకు రావట్లేదు?"

"రికార్డింగు ప్లే చేసిన ప్రతిసారీ మీ కార్డులో ఆ చానల్ ఉందో లేదో చూస్తుంది సార్. చానల్ ఆగిపోయింది కాబట్టి అందరి కార్డుల్లోంచీ తీసేశాం."

"మళ్లీ పెట్టండి. ఎంతయినా కడతాను."

"లేని చానల్‌ని యాక్టివేట్ చేయలేం సార్. అసౌకర్యానికి బదులుగా మీకు ఒక కార్టూన్ చానల్ మూడు నెలలు ఫ్రీగా ఇస్తున్నాం సార్."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. స్పీకరు ముందు ఫోను పెట్టి ఒక్కసారి రికార్డు చేసుకున్నా సరిపోయేది కదా బావా, అన్నాడు బావమరిది. ఆ మాట అప్పుడు అన్నందుకు వాణ్ని చంపేయాలనిపించింది. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు. మర్నాడు టేపుల మాస్టారి ఇంటికి పరిగెత్తాను. గదితో సహా ఖాళీ చేయించారట. టేపులన్నీ లారీలో పోయాయట. ఎక్కడికో ఆయనకీ తెలియదు. "మీరు పట్టుకున్నారుగా, చాలు" అన్నాడు, నా భుజం తట్టి. నేను అవునన్నట్టు తలూపి వచ్చేశాను.

వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని చాలా తిరిగాం. కంపెనీ ఆఫీసులో ఒకాయన దయగా విని, దయగానే చేతులెత్తేశాడు. బాగుచేస్తామన్న కుర్రాళ్లు చూసి, ఇది మావల్ల కాదని వెనక్కి ఇచ్చేశారు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒకరికి రాని మాట మిగతావాళ్లు మాట్లాడటం తప్పులా అనిపించేది. ఆమెకు ఏదైనా కావాలంటే గాజుపలక మీద ఉంగరంతో కొట్టేది. నేను ఎక్కడున్నా పరుగెత్తేవాణ్ని. రాత్రి పడుకున్నాక ఆమె మెడ దగ్గర గాలి లోపలికీ బయటికీ పోతూ చప్పుడయ్యేది. అచ్చం యాంటెనాలో వచ్చిన చప్పుడే.

వానలు పూర్తిగా ఆగిపోయాక, ఆ పెట్టె విప్పి పట్టుకుపోదామని వచ్చాడు బావమరిది. సర్వరులో ఏమేం తుడిచేయాలో చూస్తూ ఉండిపోయాడు. ఉన్నట్టుండి, "అక్కా" అని కేకేశాడు.

మొదటిరోజు యాంటెనాతో టెస్టుకి తీసినది ఒక మూల ఉంది. అది ఆ వేలెడంత ట్యూనరుతో పట్టింది. దానికి కార్డూ లేదు, తాళమూ లేదు. ఆమె వద్దన్నది కాబట్టి ఎవరూ దాన్ని మళ్లీ తెరవలేదు, తుడవనూ లేదు.

ఆమె తడి చేతులతోనే వచ్చి కుర్చీలో కూర్చుంది. అమ్మాయి నొక్కింది. పూల బొమ్మ వణికింది. ముందు గరగర వచ్చింది. దాని వెనకనుంచి, చాలా దూరంనుంచి, ఆమె.

"ప్రసారంలో అంతరాయానికి చింతిస్తున్నాం. దయచేసి కాసేపు వేచి ఉండండి."

అంతే ఉంది. మొత్తం ఆమె జీవితంలోంచి మాకు దక్కింది ఆ రెండు ముక్కలు. 'స' ఆమె చెప్పినట్టే పాడైపోయింది. ఆమె కూడా పెదవులు కదిపింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, చివరి మాట దగ్గర కాస్త తల వంచి. గొంతు స్పీకరులోంచి వస్తోంది, పెదవులు మా ఎదురుగా కదులుతున్నాయి. అమ్మాయి మొహం నా భుజానికి ఆనించి ఏడ్చేసింది.

మాట అయిపోయాక కూడా పూల బొమ్మ అలాగే ఉంది, గరగర అలాగే వస్తోంది. కార్యక్రమం తిరిగి మొదలయ్యేలోపే ఆరోజు రికార్డింగు ఆపేశాం కాబట్టి ఆ తర్వాత ఏమీ లేదు. ఆమెకూ తెలుసు. అయినా ఒళ్లో చేతులు పెట్టుకుని, కళ్లు తెరమీదినుంచి తిప్పకుండా, వేచి ఉండమన్నారు కాబట్టి వేచి ఉంది.

ఆపమని అమ్మాయికి చెబుదామనుకున్నాను. కానీ నేనూ ఆమె పక్కనే కూర్చుని తెరవైపు చూశాను.